పన్నెండు గంటల బేరం

మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండిన నెలలో, బాపట్లలో పిల్లల ఎముకల ఆసుపత్రి డాక్టరుగారు "రోజుకి పన్నెండు గంటలు" అన్నారు. నేను "ఎనిమిది చేసుకుందామండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు కిందికి దించి నావంక చూశారు. పక్కన కూర్చున్న మా ఆయన బల్ల కింద నుంచి నా చెయ్యి గిల్లాడు. ఆ గిల్లుడు నాకు కొత్తేమీ కాదు. రేపల్లెలో మా గాజుల కొట్టుకి సరుకు తెచ్చే ఏజెంటు దగ్గరా, ఆటోవాడి దగ్గరా, బడిలో చేర్పించేటప్పుడు హెడ్‌మిస్ట్రెస్ దగ్గరా ఆ గిల్లుడు పడుతూనే ఉండేది. దేవుణ్ణి కూడా వదిలినదాన్ని కాదు. తిరపతి కొండకి గుండు మొక్కుకుని, తీరా వెళ్ళాక మూడు కత్తెరలతో సరిపెట్టాను.

"ఇది చీరల కొట్టు కాదమ్మా" అన్నారు డాక్టరుగారు, కోపం లేకుండానే.

ఆయనకి తెలియదు గానీ నేను చీరల కొట్టులోనే పెరిగాను. తెనాలి బజార్లో మా నాన్న కొట్టు. బేళ్ళ మధ్య పాకాను, బేళ్ళ మీద నిద్రపోయాను, ఎక్కాలు కూడా బేళ్ళు లెక్కపెట్టే నేర్చుకున్నాను. ఒక్కో చీర అంచుకి చిన్న చీటీ కుట్టి ఉండేది. దాని మీద రెండు మూడు అక్షరాలు. కొనేవాళ్ళకి అవి పిచ్చిగీతలు. మాకు అదే ఆ చీర అసలు ధర. నాన్న నోటితో చెప్పేది ఒకటి, చీటీలో ఉన్నది ఒకటి. "మొదట చెప్పే మాట అమ్మేవాడి ఆశ. ఆఖర్న చెప్పేది సరుకు" అనేవాడు. ఎవరైనా అమాయకంగా మొదటి మాటకే ఒప్పుకుని చీర పొట్లం కట్టించుకుని మెట్లు దిగి వెళ్తే, నాన్న సంతోషించేవాడు కాదు. వాళ్ళ వీపు వంక చూస్తూ "పాపం, లోకం తెలియని మనిషి" అని జాలిపడేవాడు. ఆ జాలి నా వీపు మీద పడకూడదన్నదే నేను కొట్టులో నేర్చుకున్న చదువంతా.

అందుకని డాక్టరుగారు పన్నెండు అనగానే నా కళ్ళు ఆయన చీటీ కోసం వెతికాయి. ఈయన దగ్గరికి రోజూ ఎంతమంది తల్లులు రారు, ఇంటికి వెళ్ళాక వాళ్ళంతా సగమే చేస్తారని ఈయనకి తెలియదా, తెలిసే పెంచి చెప్పి ఉంటారు, మనసులో ఉన్నది ఆరే అయి ఉంటుంది. ఇదీ నా లెక్క. ఈ లెక్క తట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నానని కూడా రాయాలి.

పన్నెండు గంటలన్నది స్ప్లింట్ల గురించి. మోకాలి కింద నుంచి అరికాలి దాకా పట్టి ఉంచే తెల్లటి ప్లాస్టిక్ తొడుగులు అవి. మా పాప ఏడో నెలలోనే పుట్టింది. రెండేళ్ళొచ్చినా నిలబడలేదు. ఎత్తి నిలబెడితే మునివేళ్ళ మీద నిలిచి, కాలు మీద కాలు కత్తెరలా వేసుకునేది. "కాళ్ళలో లోపం లేదమ్మా" అని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. "మెదడు నుంచి కాళ్ళకి వచ్చే కబురే తప్పుగా వస్తోంది. అందుకని కండ ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. ఎముక పెరుగుతుంది, బిగుసుకున్న కండ దాంతోపాటు సాగదు. దాన్ని రోజూ మనమే సాగదీసి పట్టుకోవాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఎక్సర్‌సైజులు. పన్నెండు గంటలు స్ప్లింట్లు. వారానికి రెండుసార్లు తెనాలిలో థెరపీ. మూడు నెలలకోసారి ఇక్కడికి తీసుకురండి."

"ఇవన్నీ చేస్తే నడుస్తుందా అండి?" అన్నాడు మా ఆయన.

"వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయొచ్చు" అన్నారాయన. "వేయొచ్చు అంటున్నాను" అన్నారు మళ్ళీ.

ఆ నాలుగడుగులే మాకు కావలసింది. అంతకన్నా ఎక్కువ అడగలేదు. తక్కువకి తెచ్చుకుందామని మాత్రం చూశాను.

మంగళ, శుక్రవారాల్లో రేపల్లె పాసింజరెక్కి తెనాలి వెళ్ళేవాళ్ళం. పాప నా ఒళ్ళో కూర్చుని భట్టిప్రోలు, వేమూరు స్టేషన్ల పేర్లు కూడబలుక్కుని చదివేది. థెరపీ గది ఒక మేడ మీద. పిల్లలు మెట్లెక్కలేరు కాబట్టే వస్తారన్న సంగతి ఆ మేడ కట్టినవాడికి ఎవరూ చెప్పలేదు. మోసుకెక్కేదాన్ని. థెరపిస్టు నాకన్నా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. పాపని చాప మీద పడుకోబెట్టి, మడమ పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి వంచుతూ అడిగేది.

"ఎన్ని గంటలు వేస్తున్నారక్కా?"

"పదకొండు. ఒక్కోరోజు పన్నెండు కూడా."

"ఆహా" అనేది. ఇంకొంచెం వంచేది. "పదకొండు గంటలు వేసుకున్న మడమ ఇలా ఉండదక్కా."

"అయితే నీ చేతిలో తేడా ఉందేమో చూసుకోమ్మా."

ఆ అమ్మాయి నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. మడమ పట్టుకుంటే గంటలు చెప్పేయగలదని నాకు తెలుసు. కొట్టులో మా నాన్న కూడా కళ్ళు మూసుకుని గుడ్డ నలిపి చూసి ఏ మగ్గం మీద నేసిందో చెప్పేవాడు. తెలిసినా పదకొండే అనేదాన్ని. ఒకసారి చెప్పిన మాట మీద నిలబడకపోతే బేరంలో పరువుండదు.

ఇంట్లో వేసింది ఆరు గంటలు. అదీ ఆరంభంలో. రేపల్లెలో ఎండాకాలం ఆ ప్లాస్టిక్కు లోపల కాలు ఉడికిపోయేది, బెల్టు కింద చర్మం ఎర్రగా కందేది. పాప ఏడ్చేది. మా అత్తగారు వంటింట్లోంచి "పసిదాన్ని అట్టా హింస పెడతావేంటే, నడవాల్సి వచ్చినప్పుడు అదే నడుస్తుంది" అనేవారు. అయిదేళ్ళు నిండేసరికి మా అమ్మాయి ఏడవడం మానేసి బేరం మొదలుపెట్టింది.

"ఇంకో గంట ఉంచుకో నాన్నా."

"పావుగంట."

"ముప్పావుగంట."

"పావుగంట ఉంచుకుంటా, అన్నం మాత్రం మొత్తం తింటా."

ఆ అన్నం మాట వినగానే నేను పడిపోయేదాన్ని. రెండిటిని ముడిపెట్టి అమ్మడం మా నాన్న దగ్గర తప్ప నేనెక్కడా చూడలేదు. నా కూతురే అని మురిసిపోయి బెల్టులు విప్పేదాన్ని. మోసం చేస్తున్నది ఎవరో, మోసపోతున్నది ఎవరో అప్పుడు నాకు తేలలేదు.

థెరపీ గదికి అమృతలూరు నుంచి ఒకావిడ తన కొడుకుని తీసుకొచ్చేది. వ్యవసాయం చేసే వాళ్ళు. మా పాప ఈడు పిల్లాడే, అదే జబ్బు. ఆవిడ స్ప్లింట్లు తొడగ్గానే గోడ గడియారం వంక చూసేది. విప్పేటప్పుడూ చూసేది. ఒకరోజు నేనే అడిగాను.

"నిజంగా పన్నెండూ వేస్తారా వదినా?"

"వెయ్యమన్నారుగా అండి."

"వాళ్ళు కాస్త పెంచే చెప్తారండి. మనం తగ్గిస్తామని వాళ్ళకీ తెలుసు."

ఆవిడ నా మాట అర్థం కానట్టు చూసింది. "ఎకరానికి ఇంత మందు కొట్టమంటే అంతే కొడతామండి. వాళ్ళు పెంచి చెప్పారో లేదో మాకెట్టా తెలుస్తుంది?" అంది. రైలెక్కాక మా ఆయనకి ఫోన్ చేసి ఆవిడ మాట చెప్పి నవ్వాను. లోకం తెలియని మనిషి అన్నాను.

ఆరేళ్ళు దాటాక ఒకరోజు మా పాప నడిచింది. తెనాలిలో నాన్న కొట్టులోనే. థెరపీ అయ్యాక వాకర్‌తో సహా అక్కడ కూర్చోబెట్టాను. నాన్న ఎవరికో చీరలు విప్పి చూపిస్తున్నాడు. పాప వాకర్ పట్టుకుని లేచి, రెండు వరసల బేళ్ళ మధ్య సందులోంచి గల్లాపెట్టె దాకా వచ్చింది. పాదం ఈడుస్తూ, నడుము అటూ ఇటూ ఊగిస్తూ, నాలుక బయటపెట్టి. పద్నాలుగు అడుగులు. నాన్న చేతిలో చీర అలాగే ఉండిపోయింది. కొనడానికొచ్చినావిడ ఆ రోజు ఏ ధరకి తీసుకెళ్ళిందో నాన్నకి గుర్తులేదట. ఆ ముక్క చాలు ఆయన్ని తెలిసినవాళ్ళకి.

నాకు మాత్రం ఆ రోజు ఒక్కటే తోచింది. ఆరు గంటలకే సరుకు వచ్చింది.

వారానికి రెండు ప్రయాణాలు ఒకటయ్యాయి. తర్వాత రెండు వారాలకి ఒకటి. ఎక్సర్‌సైజులు పొద్దున మానేసి సాయంత్రమే చేయించేదాన్ని. స్ప్లింట్లు నాలుగు గంటలకి దిగాయి. మూడు నెలలకోసారి బాపట్ల అన్నది ఏడాదికోసారికి వచ్చి, ఆ తర్వాత పాప బాగానే నడుస్తోందిగా అని రెండేళ్ళు అసలు వెళ్ళనేలేదు. థెరపిస్టు ఫోన్ చేసేది. "అక్కా, పిల్ల పొడుగయ్యే వయసొస్తోంది, ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి" అనేది. వస్తామమ్మా, వస్తామమ్మా అనేదాన్ని. కొట్టు ముందు నుంచి వెళ్తూ రేపొస్తామండి అనే వాళ్ళని ఎంతమందిని చూశానో. వాళ్ళు రారు. నాకు తెలుసు వాళ్ళు రారని.

తొమ్మిదో ఏట పాప ఒక్కసారిగా పెరిగింది. గౌన్లు మోకాళ్ళ పైకి పోయాయి. అందరం సంతోషించాం. పదో ఏట మోకాళ్ళు వంగాయి. నిలబడితే కుర్చీలో కూర్చోబోతున్నట్టుండేది. పడమటి గదినుంచి వీధి గుమ్మం దాకా నడిచేది కాస్తా సగందాకా వచ్చి ఆగిపోయేది. ఆ తర్వాత మంచం నుంచి బాత్‌రూమ్ దాకానే. ఒకరోజు పడింది, పళ్ళు పెదవికి గుచ్చుకున్నాయి. ఆ రోజు నుంచి వాకర్ ముట్టుకోలేదు. మా అత్తగారు దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టారు.

పదకొండేళ్ళప్పుడు మళ్ళీ బాపట్ల తీసుకెళ్ళాం. మా ఆయన కొట్టు మూయలేక రాలేదు. అలా అన్నాడు గానీ, ఆయన రాలేకపోయాడంతే. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అవతలి చివర్నుంచి ఒక పిల్లాడు రెండు చేతికర్రలతో వస్తున్నాడు. మెల్లగా, ప్రతి అడుగుకీ ఆలోచిస్తూ వస్తున్నాడు. వెనకాల వాళ్ళమ్మ. అమృతలూరు ఆవిడ.

నన్ను చూసి ఆగింది. మా పాపని చూసింది. "పాప పెద్దదైందండి" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

"ఇంకా పన్నెండేనా వదినా?" అన్నాను నేనే.

"అలవాటైపోయిందండి వాడికి" అని తల దించుకుంది, తను చేసిందేదో తప్పయినట్టు.

ఈ సంగతి తర్వాత థెరపిస్టుకి చెప్తే, "ఆ బాబు కేసు వేరక్కా, వాడికి మొదటినుంచీ బిగుతు తక్కువ. పోల్చుకోకండి" అంది. నన్ను ఓదార్చడానికే అందో, నిజంగానే అంతేనో. ఒకే నూలైనా బేలుకీ బేలుకీ తేడా ఉంటుందని నాన్న కూడా అనేవాడు. అమ్ముడుపోని బేలు గురించి ఎప్పుడూ అదే మాట అనేవాడు.

డాక్టరుగారి జుట్టు బాగా నెరిసింది. పాపని బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్ళు చాపి చూశారు, తుంటి తిప్పి చూశారు, ఎక్స్‌రే లైటు మీద పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత పాపని కొలతలు తీయడానికి పక్కగదిలోకి పంపించారు. మధ్యలో ఉన్నది ఒక పరదా మాత్రమే.

నేను ఆయన చెప్పే అంకె కోసం చూస్తున్నాను. ఆయన ఏ అంకే చెప్పలేదు. చీటీ మీద ఏదో రాసుకుంటున్నారు.

"ఎన్ని గంటలు వెయ్యమంటారండి?" అన్నాను.

"మీ వీలమ్మా. పిల్లకి హాయిగా ఉన్నంతసేపు."

కొట్టులో సరుకుంటే ఎంత మొండి బేరమైనా ఆడతారు. మీ ఇష్టం అన్నారంటే లోపల ఏమీ లేదని.

"పన్నెండూ వేస్తానండి" అన్నాను.

ఆయన తలెత్తలేదు.

"పద్నాలుగు వేస్తాను. తెనాలికి వారానికి మూడుసార్లు తీసుకెళ్తాను. కావాలంటే తెనాలిలోనే ఇల్లు తీసుకుంటాం."

"అమ్మా."

"పదహారు గంటలు. బడి మాన్పించేస్తాను."

"బడి మాన్పించొద్దు" అన్నారాయన, ఈసారి గట్టిగా. "మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఒక తుంటి పక్కకి జరిగింది. ఆపరేషన్ ఉంది, చేద్దాం. కూర్చున్నప్పుడు నొప్పి లేకుండా ఉండటానికి చేద్దాం. నడకకి కాదు."

జీవితంలో మొదటిసారి నేను బేరం పైకి ఆడాను. అవతలి మనిషి దిగిరాలేదు. పైకి వెళ్ళే బేరం ఎలా ముగించాలో నాకెవరూ నేర్పలేదు.

"నేను ఆరే వేశానండి" అన్నాను. "తర్వాత నాలుగు. అందువల్లేనా?"

ఆయన పెన్ను పక్కన పెట్టారు. "పూర్తిగా వేసినవాళ్ళలో కూడా కొందరికి ఈ వయసులో నడక పోతుందమ్మా. కొందరికి నిలుస్తుంది. మీ అమ్మాయి ఇందులో ఎటో నాకు తెలియదు."

"ఒక మాట చెప్పండి. అందువల్లే అనైనా చెప్పండి."

"తెలియదమ్మా."

అందువల్లే అని ఉంటే ఆ బరువు ఎంతో తూచుకుని మోసేదాన్ని. కాదు అని ఉంటే దించేసేదాన్ని. తూకం తెలియని బరువు ఎలా మోస్తారు? ఇంకొక్కటి అడగకుండా ఉండలేకపోయాను. ఏడేళ్ళుగా నాలో ఉన్న ప్రశ్న అది.

"అప్పుడు మీరు పన్నెండు అన్నారు కదండీ. మేం తగ్గిస్తామని పెంచి చెప్పారా?"

ఆయన నన్ను చూశారు. ఆ చూపులో మా నాన్న జాలి లాంటిదే ఉంది.

"లేదమ్మా. అప్పుడు పద్నాలుగు చెబుదామనుకున్నాను. మీ మొహం చూసి, మీకు భారమవుతుందని రెండు తగ్గించి చెప్పాను" అన్నారు.

పరదా అవతల ఒకతను టేపు పెట్టి మా పాప కొలతలు తీస్తున్నాడు. తుంటి వెడల్పు, తొడ పొడవు, వీపు ఎత్తు. వీల్‌చైర్‌కి. అతను అంకెలు పైకి చదువుతుంటే, ఇంకొకతను రాసుకుంటున్నాడు. మా పాప బుద్ధిగా చేతులెత్తి కూర్చుంది, గౌను కుట్టించుకోవడానికి వచ్చినట్టు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఏమీ వినలేదనే అనుకుంటాం.

తిరుగు బస్సులో కండక్టరు మాకు ముందు సీటు ఇప్పించాడు. పాపని లోపల కూర్చోబెడితే కాళ్ళు సర్దడం కుదరలేదు. అందుకని నేను కిటికీ వైపు జరిగి, తనని నడిచే దారి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"పదహారు గంటలా?" అంది ఊరు దాటాక. "నన్ను అడగకుండానే?"

"ఊరికే బేరానికన్నానే."

"ఆయన ఒప్పుకున్నాడా?"

"లేదు."

రెండు పక్కలా చేలు. పంట కోసేశారు, మొదళ్ళే ఉన్నాయి. పాప వాటి వంక చూడటంలేదు, డ్రైవరు ముందున్న అద్దం వంక చూస్తోంది.

"అమ్మా, బేరం లేకుండా ఒక్క మాట చెప్పు. నేనింక నడవను కదా."

నా నోట్లో చాలా మాటలున్నాయి. ఆపరేషన్ అయ్యాక చూద్దాం. వైజాగ్‌లో ఇంకో డాక్టరున్నాడట. నువ్వు ముందు అన్నం బాగా తిను. పుట్టినప్పట్నుంచీ నేను అమ్మినవన్నీ అలాంటి మాటలే. తను నా మొహంలోకి చూస్తోంది, నేను డాక్టరుగారి మొహంలోకి చూసినట్టే.

"నడవవమ్మా" అన్నాను.

తల ఊపింది. ఏడవలేదు. ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు గనక, ఏడిస్తే బాగుండుననుకున్నాను. చెరుకుపల్లిలో బస్సాగింది, జనం తోసుకుంటూ ఎక్కారు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ వెనక్కి వెళ్ళబోయి, మా దగ్గర ఆగాడు.

"పాపా, కాళ్ళు కాస్త లోపలికి తీసుకో తల్లీ, దారికి అడ్డం" అన్నాడు.

నేను వంగి, రెండు చేతులతో ఒక్కో కాలూ ఎత్తి లోపలికి పెట్టాను. తను అద్దంలోకే చూస్తూ కూర్చుంది.